మర్యాదకు ఆగని కారు

తెలుగు వాక్యంలో క్రియ చిట్టచివర వస్తుందన్న సంగతి తమకు తెలిసినదే. ఆ కారణంగా ఒక కారు మా అత్తగారి వడియాల మీదుగా గడ్డివామిలోకి దూసుకుపోయిన సంగతి మాత్రం తెలిసి ఉండదు. ఆ ఘోరాన్ని సవినయంగా మనవి చేస్తాను.

మా వంశంలో డిగ్రీ అనే పదార్థాన్ని మొదటిసారి ఇంటికి తెచ్చినవాడిని నేను. భౌతికశాస్త్రం. అరవైల తొలినాళ్లలో, పెళ్లయిన కొత్తలో, ఇందుకూరుపేట దగ్గర మా అత్తవారి ఊరికి వెళ్లాను. మామగారు వరి పండించే రైతు. ఎవరో వాడి విసిగిన కారొకటి నెల్లూరులో కొన్నారు. సాయంత్రం ఆ కారులో నా భార్య సుశీలను, ఆమెను మాత్రమే, మైపాడు సముద్రానికి తీసుకువెళ్లాలని నా కోరిక. ఆ ‘మాత్రమే’ విలువ కొత్తగా పెళ్లయినవారికి చెప్పనక్కరలేదు.

"కారిస్తాగానీ అల్లుడూ, బ్రేకాయిలు మార్చి ఏళ్లయింది. నెల్లూరికి తోలి మార్పించినాకే," అన్నారు మామగారు.

"నెల్లూరెందుకండీ? ద్రవపీడన సూత్రం నేను చదువుకున్నదే కదా."

"నువ్వు చదివినావు, సరే. నీ చెయ్యి గూడా చదివిందా?"

పని చిన్నదే. ఒకరు లోపల కూర్చుని బ్రేకు పెడలు తొక్కిపట్టాలి. మరొకరు కారు కింద పడుకుని, చక్రం వెనకనున్న చిన్న మరను వదులు చేసి, పాత ఆయిలు కారనిచ్చి, మళ్లీ బిగించాలి. బిగించేదాకా లోపలివారు కాలు తీయరాదు. తీస్తే గొట్టంలోకి గాలి దూరుతుంది. గాలి దూరితే బ్రేకు పడదు. ఇదంతా నాకు క్షుణ్ణంగా తెలుసు. అయితే పెడలు దగ్గర కూర్చున్నది మామగారు. పిల్లనిచ్చిన మనిషిని ‘తొక్కు’ అనడమెట్లా?

"మామగారూ, తమరు దయచేసి తమ కుడిపాదమును ఆ పెడలు మీదనుంచి తీయ..." అంటూ మర తిప్పాను. "...కుండా ఉండవలసిందిగా ప్రార్థన" అనేలోగా ఆయన తీసేశారు.

"తీయమంటివి గదా?"

"తీయకుండా ఉండమన్నానండీ."

"ఆ కుండేదో ముందరే దించితే ఏం పోయె?"

రెండో చక్రం దగ్గర మరింత జాగ్రత్తపడ్డాను. "ఇక తీయవచ్చునని నేను మనవి చేసేవరకు..." అని ఆరంభించాను. ‘తీయవచ్చు’ అన్నంతవరకే ఆయన విన్నారు. నాలుగు చక్రాలూ ఇదే మర్యాదతో పూర్తిచేశాను. అప్పటికి ఆ గొట్టాలు నోట పెట్టుకుని ఊదితే పిల్లనగ్రోవుల్లా పలికేవేమో!

"అల్లుడూ, పెడలు దూదిదిండు మాదిరి లోపలికి పోతా ఉండాదే?"

"కొత్త ఆయిలు కదండీ. మృదుత్వం దాని సహజగుణం."

ఈ ఒక్క వాక్యానికే నా పట్టా వెనక్కి తీసుకొని ఉండవలసింది.

మామగారు హ్యాండుబ్రేకు దించారు. పెరటి వాలులో కారు బయలుదేరింది. ఎదురుగా చాపల మీద అత్తగారి వడియాలు, వాటి వెనక గడ్డివామి. మామగారు పెడలును తొక్కిన తొక్కు తొక్కకుండా తొక్కుతున్నారు. కారు లక్ష్యపెట్టలేదు. నేను పక్కన పరుగెత్తుతూ, "మామగారూ, తమరు దయయుంచి తమ ఎడమచేతి పక్కన వెలసియున్న..." అని అందుకున్నాను. చక్రాల కింద వడియాలు పటపటలాడాయి.

"అయ్యయ్యో, నా వడియాలు!" అని అత్తగారి కేక.

ఆ కేకకు నా సంస్కారం జారి ఎక్కడ పడిందో తెలియదు. నా నోటినుంచి ఇది వెలువడింది:

"హ్యాండుబ్రేకు లాగరా, మొద్దూ!"

తక్షణం లాగారు. కారు గడ్డివామిలో ముక్కు దూర్చి ఆగింది.

సుశీల తలుపు చాటున నోట్లో కొంగు కుక్కుకుంది. మామగారు తలమీది గడ్డి దులుపుకుంటూ దిగి, నన్ను ఎగాదిగా చూశారు.

"అల్లుడూ, పొద్దుటినుంచీ నువ్వు చెప్పినదాంట్లో నాకు అర్థమైంది ఇదొక్కటే."

సాయంత్రం ఎద్దులబండిలో మైపాడు వెళ్లాం: నేను, సుశీల, మా ఇద్దరి మధ్య అత్తగారు. పగ్గాలు నా చేతికిస్తూ మామగారు చెవిలో చెప్పారు: "ఎద్దుల్ని మటుకు తమరూ గిమరూ అనబాక. నీ మాట ముగిసేలోగా సముద్రంలో దిగతాయి."

కావున, ఇకమీదట ఏ వాహనము కిందనైనను పడుకొనియున్న స్థితిలో పెద్దలను గౌరవించబోనని, గౌరవించక తప్పనిచో ముందుగా వెలుపలికి వచ్చి, చేతులు తుడుచుకొని గౌరవింతునని, ఇందుమూలముగా ప్రమాణము చేయుచున్నాను.

క్రియ వచ్చినది. ఇక తమరు కాలు తీయవచ్చును.