తలవంచినవారికి చెప్పని పేరు

టెవాకాన్ లోయలో వాన ఎప్పుడో గానీ పడదు. అయినా గాడిదల దొడ్ల పక్కన ఉమ్మెత్తలాంటి ఒక తెల్లపూల చెట్టు ఏపుగానే ఉంటుంది. దాని ముళ్ళకాయ నేలచూపులు చూస్తూ వేలాడుతుంది. అందుకే నావాత్ల్ భాష మాట్లాడే మా పెద్దలు దాన్ని తొలోవాత్సిన్ అన్నారు. తొలోవా అంటే తల వంచడం, త్సిన్ అంటే గారు. తలవంచినవారు అన్నమాట. సంతలో స్పానిష్ మాట్లాడేవాళ్ళు గౌరవం కాస్తా ఊడబెరికి తొలోవాచే అంటారు. మొగుళ్ళకు మందు పెట్టుకోవడానికి తప్ప దాంతో వాళ్ళకేం పని!

మా ఊళ్ళో ఆకు కట్టే యుస్తోలియా మాత్రం గారు లేకుండా ఏనాడూ పిలవలేదు. ఎవరి కీళ్ళు పట్టేసినా చెట్టు ముందు తల వంచి, ఇది ఫలానా మనిషి కోసమని పేరు చెప్పి ఆకు కోసేది. పంది కొవ్వు రాసి, పెనం మీద వెచ్చబెట్టి కట్టేది. కానీ ఒక కట్టుబాటు ఉంది. ఒక మనిషి పేరు ఆ చెట్టుకు బతుకంతటికీ ఒక్కసారే చెప్పాలి. రెండోసారి చెబితే ఆకు విషమవుతుందంటారు.

ఆమె మొగుడు క్రిసోఫొరో ఉప్పు బస్తాలు మోసీ మోసీ నడుం పోగొట్టుకున్నాడు. ఊరందరికీ కట్టిన ఆకు ఆయనకు మాత్రం కట్టలేదు. మందుల కొట్టు నుంచి లేపనం తెచ్చి రుద్దేది. ఇంకేం, లోకం నోటికి పని దొరికింది.

"అంత అందగాడు ఈ చట్టిముక్కుదాని కొంగు పట్టుకు తిరిగాడంటే ఊరికేనా?" అనేది ఆడబిడ్డ ఒబ్దులియా, పిండిమర దగ్గర. "పెళ్ళికి ముందే మా అన్న పేరు చెట్టుకి చెప్పేసుంటుంది. పేరు కాస్తా ఖర్చయిపోయె, ఇక నడుముకేం చెబుతుంది?"

యుస్తోలియా వినేది. "కుక్కలు మొరిగితే కొండకు చేటా" అని పిండి తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చేసేది. సంజాయిషీలు చెప్పుకునే మనిషి కాదు. కానీ మొగుడూ ఆ మాట నమ్ముతాడని కలలో కూడా అనుకోలేదు.

ఈ ఏడు నాగజెముడు పళ్ళు కోతకొచ్చే వేళకు క్రిసోఫొరో మంచం పట్టాడు. జబ్బు ఎముకల్లోకి పాకింది. ఇవాళ చెట్టుకు పేరు చెబుతాను, రేపు చెబుతాను అని యుస్తోలియా వాయిదా వేసుకుంటూ వచ్చింది. చెబితే ఆఖరు వచ్చిందని ఒప్పుకున్నట్టే కదా! ఒక మధ్యాహ్నం ఆయన్ని గోడకు ఆనించి కూర్చోబెట్టి, చిక్కుడుగింజల చారు పట్టబోతే మూతి తిప్పుకున్నాడు.

"ఏమే, పోయేవాడి దగ్గర దాపరికం దేనికి? నాకు మందు పెట్టావా?"

ఆమె గరిటె చారులో వదిలేసింది. "ఎవరన్నారు?"

"ఎవరైతే ఏం? నడుం విరిగి ఏడుస్తుంటే నాకు ఆకు కట్టలేదు. పేరు అయిపోయిందనే కదా? కోపం లేదే. సుఖంగానే బతికాను. కానీ నిన్ను నా అంతట నేనే కోరుకున్నానో, ఆ చెట్టు కోరించిందో తెలీకుండా పోవాలంటే కష్టంగా ఉంది."

"ఓరి దుర్మార్గుడా! ఇన్నేళ్ళూ ఒక కంచంలో తిని ఈ మాట కడుపులో పెట్టుకున్నావా?" వలవలా ఏడ్చేసింది. "మీ అమ్మ ఇదే జబ్బుతో పోయింది. ఆ అరుపులు నా చెవుల్లో ఇంకా ఉన్నాయి. నీకూ వస్తుందేమోనని వణికిపోయానయ్యా. ఒక్కసారే దొరికే ఆకుని నడుంనొప్పికెలా తగలెయ్యను? ఆఖరుకని దాచాను. ఆ ముక్క నీకెట్లా చెప్పను?"

"అయితే నా పేరు..."

"నా నోట్లోనే ఉంది."

ఆయన దొడ్డివైపు గడ్డం చూపాడు. "వెళ్ళు మరి. నాకు వినపడేలా చెప్పు."

యుస్తోలియా దొడ్లోకి వెళ్ళి తల వంచింది. ఎప్పుడూ గొణిగే మనిషి, ఈసారి గొంతెత్తి అరిచింది. "తొలోవాత్సిన్! ఇది క్రిసోఫొరో కోసం. నా మొగుడి కోసం. ఇదే మొదలు, ఇదే ఆఖరు!"

గోడ అవతల చెరుగుతున్న ఒబ్దులియా చేట ఆగిపోయింది.

ఆకు వెచ్చబెట్టి లోపలికి వచ్చేసరికి క్రిసోఫొరో తల గుండెల మీదికి వాలిపోయి ఉంది.

"విన్నావా?" అంది. భుజం పట్టుకుని కుదిపి మళ్ళీ అడిగింది. "ఏవయ్యా, విన్నావా?"

పేరు చెప్పి కోసిన ఆకు పారెయ్యకూడదు. ఆయన్ని మెల్లగా పక్కకు తిప్పి, చొక్కా ఎత్తి, చల్లారకముందే నడుముకు కట్టింది.