చాటుగా పెట్టిన ముద్దలు

పొద్దున అంగన్‌వాడీలో మనవడికి తూకం వేయించుకొచ్చిన దగ్గర్నుంచి మా అమ్మాయి ముఖం వేలాడేసుకుని కూర్చుంది. పోయిన నెలకీ ఈ నెలకీ వాడి బరువులో పెద్ద తేడా లేదట. "నేను పుట్టినప్పుడు నీకేం పెట్టారమ్మా? నాకూ అదే పెట్టు" అంది. ఏం పెట్టారంటే ఎవరి లెక్క చెప్పను?

అవనిగడ్డలో, మా అమ్మ దగ్గర పుట్టింది ఇది. వడలిన చిక్కుడుకాయలా ఉండేది. పాలు చాలక అది ఏడిస్తే, దాన్ని చూసి నేనూ ఏడ్చేదాన్ని. అమ్మ పథ్యం గట్టిది. పాతబియ్యం అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి, అంతే. పెరుగు మాటెత్తితే బిడ్డకు జలుబు చేస్తుందనేది. మనవరాలిని చూడటానికి పామర్రు నుంచి వచ్చి ఉండిపోయిన మా అత్తగారిది ఇంకో పథ్యం. పాలసొర చేప తింటే బాలింతకు పాలు పడతాయని ఊరంతా అంటుంటే, నీచు తింటే బిడ్డకు విరేచనాలేనని ఆవిడ ఒక్కర్తే అడ్డుపడేది. పిల్లను చూపించడానికి బందరు తీసుకెళ్తే డాక్టరమ్మ నన్ను అన్నీ తినమంది, నీళ్లు బాగా తాగమంది. వెంట వచ్చిన అమ్మా, అత్తగారూ బుద్ధిగా తలూపారు. ఇంటికొచ్చాక ఎవరి పాట వాళ్లదే. ఎవరి మాట వినాలో తెలియక నాకు తల తిరిగిపోయేది.

ఒక మధ్యాహ్నం అత్తగారు కునుకు తీయగానే అమ్మ గిన్నెలో పెరుగన్నం కలిపి తెచ్చింది. "గబగబా తినెయ్యవే. మీ అత్తగారు చూస్తే ఇక నా మాటకి విలువుండదు" అంది. ఆదివారం అమ్మ చర్చికి వెళ్లిందో లేదో, అత్తగారు వీధిలో చేపలావిడను పిలిచి పాలసొర కొని, పొడిపొడిగా వేయించి పుట్టు చేసి నా ముందు పెట్టింది. "మీ అమ్మకి చెప్పకమ్మా. పిల్ల ఏడుస్తుంటే చూళ్లేకపోతున్నాను" అంది. అమ్మ తిరిగొచ్చి ముక్కెగబీల్చి, కిటికీలు తెరిచింది.

పిల్ల ఒళ్లు చేసింది. కారం మహిమ అని అమ్మ, నీచు ముట్టనివ్వకపోవడం వల్లేనని అత్తగారు అందరికీ చెప్పుకున్నారు. నిజంగా ఏది పనిచేసిందో అడుగుదామంటే ఇప్పుడు ఇద్దరూ లేరు.

ఇవాళ అమ్మాయికి పప్పు, తోటకూర, గుడ్డు, సొరపుట్టు, పెరుగు అన్నీ ఒకే కంచంలో పెట్టాను. "ఇన్నా?" అంది.

"నాకూ ఇన్నీ పెట్టారే. కాకపోతే చాటుగా" అన్నాను. పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వింది. వచ్చే నెల తూకం ఏమంటుందో నాకు తెలియదు, భయంగానే ఉంది. ఎవరి ముద్ద ఏదో, కాలం ఎప్పుడో కలిపేసింది, ఆ ముద్దల బలం మాత్రం నా ఎదురుగా కూర్చుని బిడ్డకు పాలు ఇస్తోంది.