డ్రమ్ములను పరీక్షించిన మా బావమరిది

మా బావమరిది ఏ వస్తువునైనా దుకాణంలోనే, పదిమంది సమక్షంలో, స్వయంగా వాడి చూడనిదే కొనడు. గొడుగు కొనబోతే దుకాణదారు చేత నెత్తిన చెంబెడు నీళ్లు పోయించుకుంటాడు. మంచం కొనబోయి, దానిపై పడుకుని గురక పెట్టగా, తక్కిన కొనుగోలుదారులు అడుగుల చప్పుడు కాకుండా మసలవలసి వచ్చింది. వృత్తి దర్జీపని. ఎవరికి కుట్టిన చొక్కా అయినా ముందుగా తానే తొడుక్కుని బజారు చివరిదాకా నడిచి వస్తాడు.

"చంకల్లో బిగుసుకుంటుందేమోనని చూశానండీ," అంటాడు. చొక్కా సొంతదారు దానిని తిన్నగా చాకలికి వేస్తాడు.

అటువంటి వ్యక్తి తన కుమార్తెకు డ్రమ్ సెట్టు కొనవలసి వచ్చింది. ఆ పిల్ల చాలాకాలంగా దిండ్ల మీద, బోర్లించిన గిన్నెల మీద సాధన చేస్తున్నది. అయితే నలుగురు చూస్తే చాలు, చేతులు కొయ్యబారిపోతాయి. "నీ కాళ్లకూ చేతులకూ అందేదాన్ని నువ్వే వాయించి ఎంచుకోవాలి" అని సంగీతం మాస్టారు చెప్పి పంపగా, కిందటి వారం ఒక దుకాణం గుమ్మందాకా వెళ్లి, లోపలి జనాన్ని చూసి తిరిగి వచ్చేసింది. ఈసారీ అలాగే జరిగితే ఇక డ్రమ్ముల మాటే ఎత్తనని ప్రకటించింది. అందుచేత ధైర్యానికి నన్ను కూడా తోడు తీసుకువెళ్లారు.

దుకాణం కిటకిటలాడుతున్నది. పిల్ల చేతులు వెనక్కి కట్టుకుని గోడకు అతుక్కుపోయింది.

"వాయించి చూడమ్మా," అన్నాడు దుకాణదారు.

"వద్దు మావయ్యా, పోదాం," అంటూ నా చొక్కా పట్టుకు లాగింది.

ఇంతలో మా బావమరిది అన్నిటికంటే పెద్దదైన, తళతళలాడే సెట్టు ముందు ఆసీనుడయ్యాడు. "ఉండండి బావగారూ, ముందు నేను చూస్తా!"

తదనంతరం సంభవించినదానిని వాద్యమని పేర్కొనుట సత్యదూరం. పెడళ్లు రెండింటినీ కుట్టు మిషను తొక్కినట్లు తొక్కాడు. చేతిలోని పుల్ల ఒకటి ఎగిరి గిటార్ల నడుమ పడింది. సింబల్ అనే ఇత్తడి పళ్లేన్ని బాది, అది ఎంతకూ మోగడం మానకపోయేసరికి కౌగిలించుకున్నాడు.

"ఇదేంటండీ, ఆపినా ఆగదు?"

"అయ్యా, అది అలాగే మోగాలి!"

దుకాణమంతా పగలబడి నవ్వింది. ఆయన ఎవరో ఎరుగనట్లు నేను ఒక వేణువును శ్రద్ధగా పరిశీలించసాగాను.

"అబ్బా నాన్నా, లే! అలా కాదు! పరువు తీస్తున్నావ్!"

ఉండబట్టలేక పిల్ల పుల్లలు లాక్కుని, తండ్రిని పక్కకు నెట్టి కూర్చున్నది. వాయించింది. పెడల్ అందక పక్క సెట్టుకు మారింది. స్టూలు దించమన్నది, మళ్లీ ఎత్తమన్నది. చివరకు మూలనున్న, ఏ మెరుపూ లేని చిన్న సెట్టు దగ్గర ఆమె పాదం పెడల్‌పై నిండుగా ఆనింది. వాయించినంతసేపూ వాయించి, "ఇదే," అన్నది. ఎవరో చప్పట్లు కొట్టారు. అప్పుడుగానీ చుట్టూ జనం ఉన్న సంగతి ఆమెకు గుర్తు రాలేదు.

సామాను కట్టించే వేళ చూద్దును కదా, మా బావమరిది వేళ్లు బల్లపై పిల్ల వాయించిన వరుసనే, ఒక్క దెబ్బ పొల్లుపోకుండా పలికిస్తున్నాయి.

"ఏమోయ్, నీకు వచ్చన్నమాట!"

"మెల్లగా బావగారూ! ఇంట్లో రోజూ వింటుంటే రాదా ఏంటి? నేను బాగా వాయిస్తే, నా తర్వాత కూర్చోడానికి దానికి ధైర్యమెక్కడిది?"

అంతలో పిల్ల వెనుదిరిగింది. "నాన్నా, ఇంటికెళ్లాక దీన్ని ముట్టుకున్నావంటే ఊరుకోను!"

"నాకెందుకమ్మా, నాకు చేతకాదుగా," అంటూ చేతులు రెండూ జేబుల్లో దాచుకున్నాడు. జేబులు మాత్రం తాళం తప్పకుండా కదులుతూనే ఉన్నాయి.