నాయనమ్మ పది మెటికలు

ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా వీధిలో అందరూ ముచ్చటగా చెప్పుకున్న మా నాయనమ్మ, నా స్నేహితురాలు చష్మా వాళ్ళ దాదీల స్నేహం ఒక శాపంతో మొదలైంది. అది నాకూ, చష్మాకూ, శపించినామెకూ తప్ప ఎవరికీ తెలియదని చాలాకాలం అనుకున్నాను కూడా.

ఆ రోజుల్లో హైదరాబాదు ఉప్పుగూడలో మాలాంటి ఇళ్ళలో ఆడపిల్ల ఇంటర్ చదవడమే గొప్ప. దానికి తోడు నోరు కూడా ఉండాలని ఎవరూ ఆశించేవారు కాదు. నాకు ఉండేది కాదు. కాలేజీలో హాజరు పలకడానికి గొంతు సవరించుకునేలోపు లెక్చరర్ తర్వాతి పేరుకు వెళ్ళిపోయేవారు. నేను మాట్లాడే ఒకే ఒక మనిషి నా పక్కన కూర్చునే అమ్మాయి. సోడాబుడ్డి అద్దాల వల్ల అందరం చష్మా అనేవాళ్ళం. పరీక్షల ముందు కలిసి చదువుకుందామని మొదటిసారి శాలిబండలో వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ దాదీ, అంటే నాయనమ్మ, నన్ను చూస్తూనే రెండు చేతులతో నా చెంపలు నిమిరి, ఆ వేళ్ళు తన కణతలకు ఆనించుకుని టపటపా మెటికలు విరిచింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

ఎందుకంటే మా ఇంట్లో మెటికలకు ఒకటే అర్థం. ఊరి నుంచి కొత్తగా వచ్చిన మా నాయనమ్మ, వీధి నల్లా దగ్గర తన బిందె జరిపినవాళ్ళ మీద ప్రయోగించే ఆఖరి అస్త్రం అది. (దిష్టికైతే ఆమె ఉప్పునూ ఎండుమిరపకాయలనూ తప్ప దేన్నీ నమ్మేది కాదు.) ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. ఖర్మకాలి మర్నాటికి జ్వరం కూడా వచ్చింది.

"చూసినవా? పచ్చని పిల్లకు శాపం వెట్టింది ముసల్ది. ఇగ గా ఇంటి గడప తొక్కినవంటే కాళ్ళిరగ్గొడ్త!" అంది నాయనమ్మ.

"కోపంల చెయ్యలే నాయనమ్మా, నవ్వుకుంట చేసింది."

"నవ్వుకుంట శపించేటోళ్ళే డేంజర్!" (ఆమెకు వచ్చిన ఏకైక ఇంగ్లీషు మాట. కరెంటు స్తంభం మీదిది నాన్న చదివి చెప్పాడు.)

జ్వరంకన్నా చష్మా దూరమవుతుందన్న దిగులే ఎక్కువైంది. 'ఇక నాతో మాట్లాడేవాళ్ళే లేరు' అని డైరీలో రాసి, అంతకుముందు మాత్రం ఎందరున్నారని కొట్టేశాను.

జ్వరం తగ్గకముందే మా గుమ్మం ముందు పరదా కట్టిన రిక్షా ఆగింది. చష్మా దిగింది, వెనకే దానిమ్మపళ్ళ సంచితో దాదీ. (వండినది మేం తింటామో లేదోనని పళ్ళు తెచ్చిందట.) "హాయ్ అల్లా, కిత్నీ సూఖ్ గయీ బచ్చీ!" అంటూ నేరుగా మంచం దగ్గరికి వచ్చి, చిక్కిపోయిన నా మొహం నిమిరి, మళ్ళీ కణతల మీద టపటపా.

మూలన కూర్చున్న నాయనమ్మ లేచింది. కొంగు నడుముకు దోపింది. రెండు చేతులూ దాదీ మొహం ముందుకు చాచి పది వేళ్ళూ ఒక్కసారిగా విరిచింది. "నీ చేతులు వడిపోను! నా బిడ్డనే దొర్కిందా నీకు?"

చష్మా అద్దాలు సర్దుకుంది. దాదీ నావైపు తిరిగి, "తుమారీ దాదీ క్యా బోల్‌రే బేటీ?" అని, నాయనమ్మ ఏమంటోందో అడిగింది. హాజరు పలకలేని నోటికి ఆ క్షణాన ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో! మీకు దిష్టి తీస్తోంది అనే అర్థం వచ్చేలా, "ఆప్‌కీ నజర్ ఉతార్‌రే" అనేశాను.

దాదీ మొహం విప్పారింది. ఆ పది వేళ్ళనూ అందుకుని కళ్ళకద్దుకుని, నాయనమ్మను గట్టిగా వాటేసుకుంది. నల్లటి బుర్ఖా మడతల్లోంచి "అరె... ఇడువు... ఏందిది... ఇడువమ్మా" అని నాయనమ్మ గొంతు సన్నగా వినిపించింది. శత్రువు కౌగిలించుకుంటే ఏం చెయ్యాలో నల్లా దగ్గరి యుద్ధాలు ఆమెకు నేర్పలేదు. బయటపడ్డాక అటూ ఇటూ చూసి, "చాయ్ తాగుతదా అడుగు" అంది.

నా మీది కీడు తన మీదికి తీసుకోవడానికే దాదీ అలా మెటికలు విరిచిందని వెళ్ళేముందు చష్మా చెప్పింది. నాయనమ్మ ఒక దానిమ్మపండు ఒలిచి గింజలు నా చేతిలో పోసింది. చివరికి, "మంచిదే పాపం. అత్తరే జర ఎక్కువ" అంది. జ్వరం తగ్గాక శాలిబండలోనే చదువుకున్నాను. కొన్నాళ్ళకు నాయనమ్మ కూడా నా చెంపలు నిమిరి తన కణతల మీదే మెటికలు విరవడం మొదలుపెట్టింది, ఆ పద్ధతి తానే కనిపెట్టినట్టు. డిగ్రీలో సంస్కృతుల భేదాల మీద ఒక పెద్ద అధ్యాయం ఉండేది. నిర్వచనాలన్నీ బట్టీపట్టాను. మెటికల ప్రస్తావన మాత్రం ఎక్కడా కనబడలేదు.

నాయనమ్మ పోయిన ఏడాదే నాకు వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. చెప్పడానికి వెళితే దాదీ గుమ్మందాకా వచ్చింది. ఆ తర్వాత ఆమెను మళ్ళీ చూడలేదు. తెలుగు ముక్క రాదని నేను అన్నేళ్ళూ నమ్మిన ఆ మనిషి, నా చెంపలు నిమిరి, కణతల మీద మెటికలు విరిచి, మా నాయనమ్మ మాట్లాడే తెలుగులోనే చెప్పింది:

"నజర్ తియ్యలే బేటీ, మీ నాయనమ్మ ఆ దినం నన్ను తిట్టింది. నాకప్పుడే ఎరికే. మా అత్త పోయినంక గంత మంచిగ నన్ను ఎవ్వరూ తిట్టలే."