తుపాకుల ముందు నడిచినవాడి కూతురు

మా పక్కింటి పెద్దావిడ ఆదివారం ఉదయం కన్నుమూసింది. ఆమె కొడుకు వచ్చి తలుపు తట్టాడు. "అమ్మ పోయింది. మీ అమ్మాయికి మీరే చెప్పండి, నావల్ల కాదు" అని గుమ్మంలోనే నిలబడిపోయాడు.

మేం ఈ దేశం వచ్చి నేస్ అనే ఈ ఊళ్ళో అద్దెకు దిగేనాటికే ఆమెకు ఎనభై దాటాయి. చేతికర్ర, వానకోటు, మెడలో విజిల్. ఊరి క్లబ్బులో పిల్లలకు పరుగు నేర్పేది. మా అమ్మాయి వీధిలో పరుగెత్తుతుంటే చూసి, "దీన్ని నాకివ్వండి" అని అడిగి మరీ తీసుకెళ్ళింది. ఓడి ఏడ్చే పిల్లల్ని ఓదార్చేది కాదు. "ఏడుపయ్యాక లేసులు కట్టుకో" అనేది.

పోయినేడాది వేసవిలో, ఇంకా ఎండ ఉండగానే, శాండీఫోర్డ్‌లోని తన ఆఫీసు నుంచి వస్తున్న మా ఆయనను కుర్రాళ్ళ గుంపొకటి మా వీధి మలుపులో చుట్టుముట్టింది. "మీ దేశానికి పో" అంటూ కింద పడేసి తన్నారు. ముక్కు విరిగింది. కళ్ళజోడు పగిలి గాజు కనుబొమలో దిగింది. అరుపులు విని నేను వెళ్ళేసరికే పెద్దావిడ అక్కడుంది. కర్రతో ఒకడి మోచేతి మీద కొట్టిందట, వాడు ఆమెను తోసేశాడు. అరచేతులు దోక్కుపోయి రక్తం కారుతున్నా, రోడ్డు మీదే కూర్చుని ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది. గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, వచ్చేదాకా తన స్కార్ఫుతో ఆ ముక్కును అదిమి పట్టుకునే ఉంది.

ఆసుపత్రి నుంచి వచ్చాక మా ఆయన వంటింట్లో కూర్చుని తేల్చేశారు. "ఇగ చాలు. బిడ్డను ప్రాక్టీస్‌కు పంపేది లేదు. లీజు అయిపోంగనే ఈడికెల్లి పోదాం."

"బట్ నాన్నా, మై రేస్!" అని అమ్మాయి ఏడుపు మొదలుపెట్టింది.

చూడటానికి వచ్చిన పెద్దావిడకు తెలుగు రాకపోయినా సంగతి అర్థమైంది. కుర్చీ లాక్కుని, అంతవరకూ మాకెప్పుడూ చెప్పని తన తండ్రి కథ చెప్పింది.

నూరేళ్ళ కిందట ఈ జిల్లాలో ఆయనంత వేగంగా పరుగెత్తేవాడు లేడట. పచ్చిక మీద వట్టి కాళ్ళతో పరుగెత్తి ఊరూరా పతకాలు గెలిచాడు. ఈ దేశం స్వాతంత్ర్యం కోసం ఇంగ్లీషువాళ్ళతో పోరాడుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం పోటీ ముగించుకుని స్నేహితుడితో ఇంటికి వస్తుంటే సైనికుల లారీ ఆగింది. జేబులో పతకం దొరికింది. "పరుగుగాళ్ళా? ఆ గోడ దాకా పరుగెత్తండి. అందుకుంటే వదిలేస్తాం" అని ఇద్దర్నీ పొలంలోకి తోశారు. ముందు స్నేహితుడు పరుగెత్తాడు. సగం దూరంలో వీపులో కాల్చారు. మట్టిలో మొహం పెట్టి అతను కాళ్ళు కొట్టుకుంటుంటే, తర్వాత ఈయన వంతు.

ఆయన పరుగెత్తలేదు. నడిచాడు. స్నేహితుడి దగ్గరికి నడిచి పక్కన కూర్చున్నాడు. సైనికులు నవ్వడం ఆపి వచ్చి, తుపాకి మడమలతో ఆయన మోకాలు పిండి చేసి, స్పృహ తప్పేదాకా కొట్టి, చచ్చాడనుకుని పోయారు.

"అంటే ఆయన గెలిచినట్టేనా?" అని అడిగారు మా ఆయన, కట్టు కట్టిన ముక్కుతో.

"గెలవడమా? బతికాడు, అంతే" అందామె. "ఆ దెబ్బలు మా ఇంట్లో చాలా ఏళ్ళు పడుతూనే ఉన్నాయి. తాగొచ్చి బెల్టుతో అన్నల్ని రక్తం వచ్చేలా కొట్టేవాడు. ఒకరోజు నా మీదికొచ్చాడు. చిన్నపిల్లని, పొలంలోకి పారిపోయాను. కుంటుతూ వెంటపడ్డాడు, అందుకోలేక ఆగిపోయాడు. ఉన్నట్టుండి వెనకనుంచి అరుపు: 'భుజాలు బిగించకు! మోకాలు పైకెత్తు!' మోసమనుకుని ఇంకా పరుగెత్తాను. చీకటిపడే వేళకి తిరిగొస్తే గట్టు మీద కూర్చుని ఉన్నాడు. బెల్టు గడ్డిలో పడి ఉంది. ఏడుస్తున్నాడు."

మర్నాటి నుంచి ఆమెకు పరుగు నేర్పాడట. మళ్ళీ చెయ్యెత్తలేదు. కానీ అన్నలు అప్పటికే ఇల్లు వదిలిపోయారు. తండ్రి చావుకు కూడా రాలేదు. "వాళ్ళది తప్పని నేననను" అందామె. తర్వాత మా ఆయనతో, "వెళ్తారో ఉంటారో మీ ఇష్టం. ఉన్నన్నాళ్ళు మాత్రం పిల్లను పరుగెత్తనివ్వండి" అంది.

ఆయన అమ్మాయి వైపు తిరిగి, "షూస్ ఏడున్నయ్ బిడ్డా?" అన్నారు. ఆ వారం వాచిన మొహంతోనే మైదానం దాకా తోడు వెళ్ళారు. అక్కడ పెద్దావిడ ఏమీ జరగనట్టే విజిల్ ఊదింది.

మేం నేస్ వదల్లేదు. భయమూ వదల్లేదు. బస్సు దిగితే ఆయన ఇప్పటికీ వెనక్కి తిరిగి చూసుకుంటారు.

సోమవారం సాయంత్రం ఆమెను చివరిచూపు కోసం ఇంట్లోనే ముందు గదిలో ఉంచారు. క్లబ్బు పిల్లలు ప్రాక్టీస్ నుంచి నేరుగా వచ్చారు. మేకుల బూట్లు గుమ్మం బయటే విడిచి, చెమట మేజోళ్ళతో ఆమె చుట్టూ నిలబడ్డారు. అమ్మాయి ఆమె చేతిని తాకి, నా కొంగులో మొహం దాచుకుంది. ఇంతలో వాన మొదలైంది. మా ఆయన కోసం చూస్తే ఆయన లోపల లేరు. బయట మెట్ల దగ్గర గొంతుక్కూర్చుని, మట్టి, గడ్డిపోచలు అంటుకున్న ఆ బూట్లను, లోపలికి నీళ్ళు పోకుండా, ఒక్కొక్కటే బోర్లిస్తున్నారు.