మాస్టర్ ముఖాన్ని ఒప్పుకోని కంపెనీ

ముప్పై ఒక్క ఏళ్లు నేను ఫిర్యాదులకు జవాబులు రాశాను. సికింద్రాబాద్‌లో ఒక పెద్ద ప్రభుత్వ కార్యాలయం, రెండో అంతస్తు, ఫిర్యాదుల విభాగం. రిటైరై మూడేళ్లయినా, ఎవరైనా ఫోన్లో బతిమాలడం వినిపిస్తే నా చెవి అటే పోతుంది. అందుకే ఆ మధ్యాహ్నం తిరుమలగిరిలో మా టైలర్ మాస్టర్ కొట్లోకి వెళ్లిన నేను, కుట్టడానికి ఇచ్చిన బ్లౌజు సంగతి అడగడమే మరిచిపోయాను.

మాస్టర్ కుట్టేది మిలిటరీ యూనిఫాంలు. ఆడవాళ్ల బట్టలు ముట్టుకోరు. ఎప్పుడో కొట్టు లైసెన్సుకు నేను అర్జీ రాసిపెట్టానని నాకొక్కదానికే కుడతారు. ఆ రోజు కత్తిరింపు బల్ల మీద, చాక్‌పీసుల పక్కన, ఫోన్ స్పీకర్లో పెట్టి ఉంది. అవతల ఎవరో హిందీలో గబగబా మాట్లాడుతున్నాడు. తను పంపిన యాప్ వేసుకోమంటున్నాడు, అప్పుడు మాస్టర్ ఫోన్లో ఉన్నదంతా తనకు కనిపిస్తుందట, అయిదు నిమిషాల్లో అకౌంట్ తెరిచేస్తాడట. మాస్టర్ వేలు యాప్ మీదకు వెళ్తోంది. కొత్తగా గీయించిన గుండు మీద చెమట పట్టి మెరుస్తోంది.

"ఎవరండీ ఆయన?" అన్నాను.

"కస్టమర్ కేర్ అక్కా. నా బిట్‌కాయిన్ అకౌంట్ బందయ్యింది. నెట్ల చూస్తే ఈ నంబర్ దొరికింది."

ఫోన్ తీసుకున్నాను. నా హిందీ పెద్ద గొప్పదేం కాదు గానీ కౌంటర్ హిందీ బాగానే వచ్చు. "మా ఫిర్యాదు నంబరెంత బాబూ?" అని అడిగాను.

"ఏ నంబర్ మేడమ్? ముందు యాప్ వేసుకోండి."

"యాప్ తర్వాత. ఫిర్యాదు నంబరు చెప్పు."

గొంతు పెంచాడు. అకౌంట్ ఎప్పటికీ తెరుచుకోదని బెదిరించాడు. నేను మూడోసారి అదే అడిగాను. ఫోన్ పెట్టేశాడు. ఏ కార్యాలయం పని ఎగ్గొట్టినా ఎగ్గొడుతుంది గానీ, నంబరు వేయకుండా మాత్రం ఉండదు. అది నాకు తెలిసినంతగా ఆ కుర్రాడికి తెలియదు.

ఆ ఫోన్ నంబరు మీద సైబర్ పోలీసులకు ఫిర్యాదు పెట్టించాను. బ్యాంకులో ఏమీ పోలేదని చూసుకున్నాక మాస్టర్ స్టూలు మీద కూలబడి అసలు కథ చెప్పారు.

ఒకప్పుడు ప్యాంటు సైజు తగ్గించుకోవడానికి వచ్చిన సిపాయి ఒకాయన, కుట్టు అయ్యేదాకా ఊరికే కూర్చోలేక, మాస్టర్ ఫోన్లో ఈ క్రిప్టో కంపెనీ యాప్ వేసి నేర్పించాడట. అప్పటి నుంచి నెలనెలా కొంచెం వేస్తూ వచ్చారు. ఒక కాజా మిషన్ కొనాలని కోరిక. గుండీ రంధ్రాలన్నీ ఇన్నాళ్లూ చేత్తోనే కుట్టారు, ఇప్పుడు సూది బెజ్జం కనిపించడం లేదు. పోయిన వారం ఫోన్ పగిలింది. కొత్త ఫోన్లో యాప్ తెరిస్తే ముఖం చూపించమంది. సరిగ్గా దానికి రెండు రోజుల ముందే యాదగిరిగుట్టలో తలనీలాలతో పాటు మీసం కూడా ఇచ్చి వచ్చారు. మూడుసార్లు చూపించాక అకౌంట్ మూసేశారు.

"నీ మొకం కలుస్తలేదు అంటున్నది అక్కా. నా మొకం నాకు కలువకపోవుడేంది?"

నవ్వు ఆపుకుని, "తెరిపిద్దాం మాస్టర్" అన్నాను. తెరిపించగలనన్న నమ్మకం నాకు గట్టిగానే ఉంది.

యాప్ లోపలే సహాయం అన్న చోట నొక్కాం. మాట్లాడింది మనిషి కాదు, యంత్రం. ఏం రాసినా నాలుగు ప్రశ్నల జాబితా ఇస్తోంది, వాటిలో మాది లేదు. చివరికి ఒక ఫిర్యాదు నంబరు ఇచ్చింది. దాన్ని కాగితం మీద రాసి మాస్టర్‌తో గోడకు అంటింపజేశాను. ఇంటికెళ్లి, మాస్టర్ ఈమెయిల్ నా ఫోన్లో తెరిచి, ఆ నంబరు మీద మంచి ఇంగ్లీషులో పెద్ద ఉత్తరం రాశాను. సిపాయి దగ్గర మొదలుపెట్టి, మాస్టర్ నిజాయితీ, వినియోగదారుడి హక్కులు, అన్నీ అందులో పెట్టాను.

మర్నాడు జవాబొచ్చింది. మీ ఓపికకు కృతజ్ఞతలు, మీ అభ్యర్థనను సంబంధిత విభాగానికి పంపించాం.

ఆ వాక్యం నాది. కొన్ని వేల సార్లు నా చేత్తో రాసి సంతకం పెట్టాను. ఒకసారి ఒక పెద్దాయన మా ఆఫీసుకు వచ్చారు. చేతిలో దారంతో కట్టిన పదకొండు ఉత్తరాలు. అన్నీ నేను పంపినవే, అన్నింట్లో అదే మాట. వాటిని నా బల్ల మీద వరసగా పరిచి, కోపం లేకుండా అడిగారు: "అమ్మా, ఆ సంబంధిత విభాగం ఏ అంతస్తులో ఉంటది?" అది మా అంతస్తులోనే ఉంది, నా బల్లకు మూడు బల్లల అవతల. నేను లేచి ఆయన్ను తీసుకెళ్లాను. పని అరగంటలో అయిపోయింది. ఆయన వెళ్లేటప్పుడు దండం పెడితే నేను కళ్లెత్తి చూడలేకపోయాను.

పొడవాటి ఉత్తరాలను మేమెప్పుడూ కట్ట అడుగున పెట్టేవాళ్లం. అది తెలిసీ నేనే పొడవాటి ఉత్తరం రాశాను. ఈసారి అయిదు వాక్యాలు రాశాను. ఫోన్ మారింది. మొక్కు వల్ల జుట్టూ మీసమూ లేవు. గుట్టకు వెళ్లకముందు ఫోటో, వెళ్లొచ్చాక ఫోటో ఇదిగో. అడిగిన ఆధారం ఇస్తాం. మీ మనిషి ఒకరు వీడియోలో మాస్టర్‌ను చూడాలి, అంతే. కొత్త ఫిర్యాదు పెడితే మళ్లీ వరస చివరికి పోతాం కాబట్టి పాత నంబరు మీదే పంపించాను.

నాలుగు రోజులు ఏమీ లేదు. మాస్టర్ రోజూ పొద్దున్నే ఫోన్ చేసేవారు.

"ఏమన్న వచ్చిందా అక్కా?"

"వస్తుంది మాస్టర్."

"మా ఇంటామె ఇగ ఆశ ఇడువుమంటున్నది."

"ఆమెకు ఫోన్ ఇవ్వండి, నేను చెప్తాను."

అయిదో రోజు వచ్చింది. ఈసారి రాసింది మనిషేనని మొదటి వాక్యంలోనే తెలిసిపోయింది. యాత్ర బాగా జరిగిందనుకుంటాను అని ఉంది. పాత ఫోన్ మోడల్ ఏది, బిట్‌కాయిన్ మొదటిసారి కొన్నది సుమారుగా ఏ తేదీన అని అడిగి, వీడియోకు సమయం ఇచ్చారు.

ఫోన్ మోడల్ దొరకడం తేలికైంది. పాత ఫోన్ డబ్బాలో మాస్టర్ భార్య ఇత్తడి గుండీలు పోసుకున్నారు, మోడల్ ఆ డబ్బా అడుగున అచ్చయి ఉంది. తేదీ దగ్గర ఆగిపోయాం. మాస్టర్ కళ్లు మూసుకుని ఆలోచించారు. "తేదీ యాదికి లేదు. ఆ సిపాయి నడుము యాదికుంది. ముప్పై ఆరుంటే ముప్పై నాలుగు చేసిన."

"కొలతల పుస్తకంలో తేదీ వేస్తారు కదా?"

పైఅర నుంచి పాత పుస్తకాలు దించాం. ముగ్గురం తలా ఒకటి పట్టుకుని దుమ్ములో కూర్చున్నాం. మూడో పుస్తకంలో ఆ సిపాయి కొలత మాస్టర్ భార్యకే దొరికింది, పక్కనే తేదీతో సహా. "ఈయన చేతిరాత నాకు తప్ప ఎవలికి సమజ్ గాదు" అన్నారామె. ఆశ వదులుకోమన్న మనిషే, అందరికంటే గట్టిగా ఆ పుస్తకాన్ని పట్టుకుంది.

వీడియో కొట్లోనే పెట్టుకున్నాం. వెనక సగం కుట్టిన మిలిటరీ బ్యాండ్ కోట్లు వేలాడుతున్నాయి. తెర మీద ఒక అమ్మాయి, ఇరవై అయిదేళ్లుంటాయేమో, అలసిపోయిన ముఖం. హిందీలో మర్యాదగా మాట్లాడింది. ఆధార్ చూపించమంది, తల కుడికీ ఎడమకీ తిప్పమంది. తర్వాత తన దగ్గరున్న పాత ఫోటోనూ మాస్టర్‌నూ మార్చి మార్చి చూసింది. మాస్టర్ కొత్త సిపాయిలా బిగుసుకుని నిలబడ్డారు.

"సార్, పాత ఫోటోలో కుడి కనుబొమ్మ మీద మచ్చ ఉంది. కొంచెం దగ్గరికి రండి."

మాస్టర్ నుదురు కెమెరాకు ఆనించేశారు. చిన్నప్పుడు పని నేర్చుకుంటూ ఇస్త్రీపెట్టె తగిలి కాలిన మచ్చ అది.

"కనిపించింది సార్" అందా అమ్మాయి, మొదటిసారి నవ్వుతూ. "రేపటి కల్లా తెరుచుకుంటుంది."

ఉండబట్టలేక నేను అడిగాను, మొదటి ఉత్తరం ఏమైందని. "అది ఎవరూ పూర్తిగా చదివి ఉండరు మేడమ్. రెండోది చదవడానికి నాకు ఒక్క నిమిషం పట్టింది" అంది. తనకు రోజుకు ఎన్ని వస్తాయని నేను అడగలేదు. ఆ కళ్ల కింద నలుపు చూస్తే తెలుస్తూనే ఉంది.

మర్నాడు అకౌంట్ తెరుచుకుంది. ఈలోగా రేటు కాస్త దిగింది. కొన్నాళ్లు ఆగుతారేమో అన్నాను.

"రేటుతోని నాకేం పని అక్కా? నాకు మిషన్ కావాలె" అని మొత్తం అమ్మేసి బ్యాంకులో వేసుకున్నారు.

కాజా మిషన్ ట్రాలీ ఆటోలో వచ్చింది. నేను వెళ్లేసరికి భార్యాభర్తలిద్దరూ దాన్ని కిటికీ వెలుతురుకు జరుపుతున్నారు. మాస్టర్ ఒక ఖాకీ ముక్క పెట్టి పెడల్ తొక్కారు. టకటకమని వరసగా ఆరు కాజాలు పడ్డాయి. ముక్కను తీసి వెలుగుకు ఎత్తి, ఒక్కో రంధ్రంలోంచి వీధిలోకి చూశారు. మీసం అప్పుడే నల్లగా మొలుస్తోంది.

"బ్లౌజు రేపిస్తా అక్కా" అన్నారు, మళ్లీ పెడల్ మీద కాలు పెడుతూ.