నీళ్ల మీద చెప్పులు

మొన్న శనివారం తెల్లవారకముందే చేపల కోసం ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాను. చేపల వేలం పాట అప్పుడే మొదలైంది. ఐసు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన దిమ్మను ఒకతను సుత్తితో పగలగొడుతుంటే ఒక ముక్క ఎగిరి నా వట్టి పాదం మీద పడింది. ఆ చల్లదనం ఎముకలోకి దిగింది. పాటగాడు అరుస్తూనే ఉన్నాడు, బుట్టలవాళ్లు తోసుకుంటూ పోతూనే ఉన్నారు, నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. ఫిన్లాండులో ఒక ఉదయం నా కాళ్లు ఇలాగే చలికి కాలాయి. ఆ ఉదయాన్ని తలచుకుంటే నూకాలత్తను తలచుకోకుండా ఉండలేను.

బాప్తిస్మమప్పుడు పాస్టరుగారు ఆమెకు రూతమ్మ అని పేరు పెట్టారు. సంఘం రిజిస్టరులో తప్ప ఆ పేరు ఎక్కడా నిలవలేదు. హార్బర్‌లో చేపలు పాడుకుని, బుట్ట నెత్తిన పెట్టుకుని పూర్ణా మార్కెట్‌కి వెళ్లే మనిషి ఆమె. ఆదివారం మధ్యాహ్నం వలలు బాగుచేసే షెడ్డులో పిల్లలకు వాక్యం చెప్పేది. ఆమెకు చదువు రాదు. ఐటీఐ ముగించి, పోర్టులో కొత్తగా పనిలో చేరిన నన్ను సంఘం పెద్దలు ఆమెకు చదివిపెట్టడానికి పంపారు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. వాక్యంలో అధ్యాయాలకు అధ్యాయాలు అప్పగించగలనన్న గర్వం ఉండేది. నేను చదివేవాణ్ని, ఆమె ప్రశ్నలు అడిగేది. ఒక ఆదివారం పాఠం, ప్రభువు నీళ్ల మీద నడిచి రావడం, పడవలోని శిష్యుడొకడు ఆయన దగ్గరికి దిగి వెళ్లడం. నేను చదవడం ఆపగానే ఆమె అడిగింది.

“ఆడు సెప్పులేసుకుని దిగినాడా, ఇప్పీసి దిగినాడా?”

“అది రాయలేదత్తా.”

“రాయకపోతే తెలీదేటి? పడవలో ఉన్నోడికి కాళ్లకి సెప్పులెక్కడియి? ఒట్టి కాళ్లతోనే దిగుంటాడు.”

“నువ్ సూసినావేటే అమ్మమ్మా?” అని వెనక నుంచి ఒక పిల్ల నవ్వింది.

“నా బతుకంతా సూత్తన్నాను. సెప్పుల్తో పడవెక్కినోడ్ని ఒక్కడ్ని సూపించు!”

పిల్లలందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. లేని మాట వాక్యానికి కలపకూడదని నేర్చుకున్నవాణ్ని.

ఆ ఏడాదే ఆమె కొడుకు కొత్త బోటును నీళ్లలోకి దించుతూ ప్రార్థనకు పిలిచాడు. పాస్టరుగారు ఊళ్లో లేక నన్ను పంపారు. బోటెక్కబోతుంటే నూకాలత్త చెయ్యి అడ్డం పెట్టింది. “బూట్లిప్పి ఎక్కు నాయినా” అంది. “ఎందుకు? బోటేమైనా దేవతా?” అన్నాను. “దేవతేటి? నీళ్లు ఆయనయి. ఆయన దయుంటేనే ఎల్లినోళ్లు తిరిగొత్తారు. మర్యాదుండాల.” నేను ఎక్కలేదు. గట్టు మీద నుంచే ప్రార్థన ముగించి వచ్చేశాను. తరువాతి ఆదివారం పెద్దల ముందు లేచి, ఈమె పాత మొక్కుబడులు వదల్లేదు, పిల్లలకు విగ్రహారాధన నేర్పుతోంది అని చెప్పాను. బోటెక్కేవాళ్లను చెప్పులు విప్పమని ఇకమీదట అననని ఒప్పుకుంటే చాలు అన్నారు పెద్దలు.

“ఒప్పుకోనండి. నానొప్పుకున్నా నా కాళ్లొప్పుకోవు” అంది.

క్లాసు ఆమె దగ్గర నుంచి తీసి నాకిచ్చారు. బయటికి వస్తే మందిరం గుమ్మం దగ్గర అందరి చెప్పులూ కలిసిపోయి ఉన్నాయి. ఆమె వంగి నా బూట్లు వెతికి, జతగా నా ముందు పెట్టింది. “ఇయ్యే కదా నీవి? ఏసుకో నాయినా. బయటకొచ్చీసినావు కదా” అంది. వెటకారమనుకుని, వేసుకుని వెళ్లిపోయాను. ఆ తరువాత తొమ్మిదేళ్లు నేనే క్లాసు నడిపాను. పిల్లలు వాక్యాలు తప్పు లేకుండా అప్పగించేవారు. ఒక్కరూ ప్రశ్న అడిగేవారు కాదు. నూకాలత్త ప్రతి ఆదివారం వచ్చి, ద్వారం పక్కన కూర్చుని, ఆరాధన కాగానే లేచి వెళ్లిపోయేది.

ఆ తొమ్మిదో ఏట, పోర్టులో క్రేన్ల విభాగంలో ఉండగా, రెండు వారాల శిక్షణకు నన్ను ఫిన్లాండులో టాంపెరే అనే ఊరికి పంపారు. రెండు సరస్సుల మధ్య ఉన్న ఊరు. మంచి చలికాలం. వెళ్లిన రోజు నుంచి నాకు ఆశ్చర్యం కాదు, బిత్తరపాటే. గాజువాకలో ఉంటూ, ఫ్యాక్టరీ అంటే పొగ, మసి అనుకునే నాకు, పాత మిల్లుల ఎర్ర ఇటుక గోడల లోపల మ్యూజియంలు, సినిమా హాళ్లు కనిపించాయి. ట్రాము దిగి కాస్త నడిస్తే అడవి. ఆవిరి స్నానాల గదిలోంచి మా అమ్మ వయసు ఆడవాళ్లు పొగలు కక్కుతూ వచ్చి, మంచులో తవ్విన చన్నీటి గుంటలో మెడ దాకా దిగి నవ్వుతున్నారు. ఆదివారం ఉదయం, శిక్షణ ఇచ్చే ఇంజినీరు ఐనో నన్ను నడకకు తీసుకెళ్లింది. ఊరి అంచున తెల్లటి మైదానం. చాలా దూరం నడిచాం. మధ్యలో ఒక ముసలాయన చిన్న పీట మీద వంగి కూర్చుని ఉన్నాడు.

“ఆయన ఏం చేస్తున్నాడు?” అని అడిగాను.

“చేపలు పడుతున్నాడు.”

“నేల మీదా?”

“నేల కాదు, గడ్డకట్టిన సరస్సు. మీ కాళ్ల కింద నీళ్లే.”

ఏం చేస్తున్నానో తెలిసేలోపే వంగి బూట్లు విప్పేశాను, మేజోళ్లు కూడా. నిప్పుల మీద నిలబడ్డట్టుంది. ఐనో కేక వేసింది. “ఏమిటిది! వేళ్లు పోతాయి!” అంది. “నీళ్ల మీద బూట్లతో నిలబడకూడదు” అన్నాను. ఆ మాట నా నోట విని నేనే నిర్ఘాంతపోయాను. ఆమె నా మొహంలోకి చూసి, గొంతు తగ్గించి అడిగింది. “మేం ఇంట్లోకి వెళ్లేటప్పుడు విప్పుతాం. ఇది ఎవరి ఇల్లు?”

జవాబు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మండుతున్న పొద ముందు నిలబడ్డవాడితో దేవుడు, ఇది పరిశుద్ధ స్థలం, చెప్పులు విడువు అన్నాడని నేనే ఎన్నిసార్లు చదివి వినిపించానో! నూకాలత్త మీద నేరం మోపిన రోజు కూడా నా బూట్లు మందిరం గుమ్మం దగ్గరే ఉన్నాయి. బయటకొచ్చీసినావు కదా అంటే ఏమిటో ఆ మంచు మీద అర్థమైంది. నూకాలత్తకు హార్బర్‌లోనూ ఆయన సన్నిధే. నాకు గుమ్మం దాటితే లేదు.

తిరిగొచ్చిన మర్నాడే ఆమె ఇంటికి వెళ్లాను. అరుగు మీద ఎండు చేపలు ఏరుతోంది. క్షమించమని అడగడానికి నోరు రాక, ముందు ఆ సరస్సు సంగతి చెప్పాను. ఆమె చేతిలో చేప అలాగే ఉండిపోయింది.

“నీళ్లు గట్టిపడిపోయినాయేటి? మరి సేపలు?”

“అడుగున బతికే ఉన్నాయత్తా.”

“నువ్ మీద నడిసినావా? ఒట్టి కాళ్లతోనే?”

“ఒట్టి కాళ్లతోనే. నాదే తప్పత్తా. ఆ రోజు పెద్దల ముందు...”

“ఉండెహె! ముందిది సెప్పు. సెప్పులిప్పమని అక్కడెవులైనా అడిగినారా?”

“ఎవరూ అడగలేదు.”

ఆమె పగలబడి నవ్వింది. “సూసినావా? రాయలేదన్నావు. ఆ పడవలోంచి దిగినోడికీ ఎవులూ సెప్పుండరు నాయినా. కాళ్లకే తెలుత్తాది.”

ఆ ఆదివారం సంఘం ముందు సాక్ష్యంగా నా తప్పంతా చెప్పాను. పెద్దలు ఆమెను మళ్లీ పిలిచారు. ఆమె నన్ను మానెయ్యనివ్వలేదు. “నువ్ సదువు, నానడుగుతాను” అంది. పోయేదాకా రెండేళ్లు అడుగుతూనే ఉంది. ఇప్పుడు క్లాసులో చదివేదీ నేనే, అడిగేదీ నేనే. ఆ చెప్పుల ప్రశ్న వచ్చినప్పుడల్లా పిల్లలు నవ్వుతారు, వాదించుకుంటారు. రాయలేదని నేను ఇంకా ఒప్పుకుంటాను.

మొన్న ఆ ఐసు ముక్క కరిగి నా వేళ్ల మధ్య నుంచి జారిపోయేదాకా కదల్లేదు. ఐసు కొట్టేవాడు తలెత్తి, “ఏటి బావా, సెప్పులు తెగిపోయినాయా?” అన్నాడు. లేదన్నాను. రెండూ నా చేతిలోనే ఉన్నాయి.